రజా గీసిన నల్ల బిందువు ఎక్కడి నుంచి వచ్చింది?

చిత్రకారుడు సయ్యద్ హైదర్ రజా పేరు వినగానే చాలామందికి కళ్ల ముందు మెదిలేది ఒక పెద్ద నల్ల వృత్తం. పుస్తకాల అట్టల మీదా, వేలంపాటల వార్తల్లోనూ ఆయన గుర్తుగా స్థిరపడిపోయిన రూపం అదే. దానికి తోడు ఒక కథ కూడా బాగా ప్రచారంలో ఉంది. మధ్యప్రదేశ్ మండ్లా జిల్లా కకైయాలో ప్రాథమిక పాఠశాలలో చదివే రోజుల్లో రజాకు పాఠాల మీద ధ్యాస నిలిచేది కాదట. హెడ్‌మాస్టరు నందలాల్ ఝరియా ఒకరోజు పిల్లాణ్ణి ఆపి, వరండా గోడ మీద చుక్క పెట్టి, దాన్నే చూస్తూ కూర్చోమన్నారు. ఆ చుక్కే పెరిగి పెద్దదై బిందువు అయిందని కథ సారాంశం.

కథ అబద్ధం కాదు, రజాయే చాలాసార్లు చెప్పారు. చిక్కు ఎక్కడంటే, గోడ మీద ఆ చుక్క పడేనాటికి ఆయన ఇంకా చిన్నపిల్లాడు. బిందువు ఆయన బొమ్మల్లో ప్రధాన స్థానానికి వచ్చింది 1970ల చివర్లో. నడుమ దాదాపు అర్ధ శతాబ్దం ఉంది. ఆ అర్ధ శతాబ్దంలో ఆయన గీసినవి చాలావరకు ల్యాండ్‌స్కేపులు. వానలో తడిసిన బొంబాయి వీధులు, కాశ్మీరు లోయ, ఫ్రాన్స్ పల్లెలు, చర్చి గోపురాలు, ఆ తర్వాత ఇల్లూ చెట్టూ ఏదీ విడిగా కనిపించని ఎర్రటి, నల్లటి నేలలు. ఇదంతా దాటేసి బడి గోడ నుంచి నేరుగా బిందువు దగ్గరికి గెంతితే అసలు చిత్రకారుడు మనకు దొరకడు.

రజా గురించి రాసేవాళ్లు రెండు రకాలుగా చెబుతుంటారు. ఒక వర్గం ప్రకారం ఆయన పారిస్ వెళ్లి అక్కడివాళ్ల పద్ధతిలో గీశారు, విసుగొచ్చి చివరికి భారతీయ మూలాలకు తిరిగొచ్చారు. ఇంకో వర్గం ప్రకారం మొదటి నుంచీ ఆయనలో ఉన్నది మండ్లా అడవే, పారిస్ పైపూత మాత్రమే. నాకు రెండూ ఒప్పుదలగా లేవు. రజా మీద పడిన ప్రభావాలు ఒకదాన్ని తుడిచేసి మరొకటి రాలేదు. వెనక వచ్చిన ప్రతిదీ ముందున్నదాన్ని వాడుకోవడం నేర్పింది. ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ లేకపోతే రాజస్థానీ చిత్రాలను ఆయన ఆ కంటితో చూసేవారు కాదు. అమెరికన్ చిత్రకారుడు రోత్కో లేకపోతే చిన్నప్పటి అడవి రాత్రి కాన్వాస్ మీదకి వచ్చేది కాదు. ఇదంతా తెలిస్తే ఆ నల్ల బిందువు కూడా ల్యాండ్‌స్కేపేనని అర్థమవుతుంది.

మొదట అడవి. 1922లో మండ్లా జిల్లా బాబరియాలో పుట్టారు రజా. తండ్రి అటవీశాఖలో పనిచేసేవారు. నర్మద పుట్టిన కొండలకు దగ్గరి ప్రాంతం అది, గోండుల నేల. చిన్నప్పటి రోజుల గురించి ఆయన చెప్పిన మాటల్లో రెండు సంగతులు పదేపదే కనిపిస్తాయి. ఒకటి, రాత్రి అడవి అంటే భయం. ఆ చీకట్లో మనుషులున్నారన్న ధైర్యమిచ్చేది గోండుల నృత్యం ఒక్కటే. రెండోది సంత రోజు. ఎండలో ఊరంతా రంగులతో వెలిగిపోయేది. మళ్లీ పొద్దు గుంకితే చీకటి. ఈ రెండే తన బొమ్మలను జీవితాంతం ఏలాయని ఆయన అనేవారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆయనకు మిగిలినవి చెట్ల ఆకారాలో నది వంపులో కావు. నలుపు అంటే భయం, ఎరుపు పసుపులంటే ఊరట. రూపం కన్నా ముందు రంగుకు అర్థం ఏర్పడింది. అయితే ఆ అర్థాన్ని బొమ్మగా మార్చే పనితనం ఇరవై ఏళ్ల కుర్రాడికి ఎక్కణ్ణుంచి వస్తుంది?

నాగపూర్ ఆర్ట్ స్కూలు, ఆ తర్వాత 1943 నుంచి 1947 దాకా బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్. ఈ దశ మీద ఎక్కువసేపు ఆగనక్కర్లేదు కానీ ఒక మనిషిని తలుచుకోవాలి. నాజీల కాలంలో వియన్నా వదిలి బొంబాయి చేరి, టైమ్స్ ఆఫ్ ఇండియాలో ఆర్ట్ డైరెక్టర్‌గా పనిచేసిన వాల్టర్ లాంగ్‌హామర్. విమర్శకుడు రుడాల్ఫ్ ఫాన్ లైడెన్, చిత్రాలు సేకరించే ఇమాన్యుయెల్ ష్లెసింగర్ కూడా అలా వలస వచ్చినవాళ్లే. యూరప్ ఆధునిక చిత్రకళ గురించిన కబుర్లు, అచ్చు ప్రతులు బొంబాయి కుర్రాళ్లకు వీళ్ల ఇళ్లలో దొరికేవి. రజా నీటిరంగుల్లో కుంచె వదులుగా కదలడం, రంగు తడితడిగా పారడం ఆ సావాసం ఫలితమే. 1947లో సూజా, హుసేన్, ఆరా, గాడే, బాక్రేలతో కలిసి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ అనే ఆధునిక కళాకారుల బృందం పెట్టేనాటికి రజా బృందంలో ల్యాండ్‌స్కేప్ మనిషి. అందంగా గీసేవారు. అంతకు మించి ఏం కావాలో అప్పటికి తెలియదు.

అది తెలిసింది 1948లో, శ్రీనగర్‌లో. బొమ్మలు గీయడానికి కాశ్మీరు వెళ్లిన రజాకు అక్కడ ఫోటోగ్రాఫర్ ఆన్రీ కార్టియే బ్రెసాన్ తారసపడ్డారు. రజా బొమ్మలు చూసి ఆయన మొహమాటపడకుండా చెప్పిన మాట ఇది: ప్రతిభ ఉంది, కానీ నీ బొమ్మల్లో కట్టుబడి లేదు, ఇల్లు కట్టినట్టే బొమ్మకూ పునాది, గోడలు, దూలాలు, కప్పు ఉండాలి, వెళ్లి సెజాన్‌ను చదువు. రజా బొంబాయి తిరిగొచ్చి ఫ్రెంచి నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఫ్రెంచి ప్రభుత్వ స్కాలర్‌షిప్ సంపాదించి 1950లో పారిస్ చేరారు.

కట్టుబడి అంటే ఏమిటో తెలియాలంటే సెజాన్ కొండ దగ్గరికి వెళ్లాలి. దక్షిణ ఫ్రాన్స్‌లో ఎక్స్ పట్టణం పక్కనుండే సాంత్ విక్త్వార్ కొండను సెజాన్ మళ్లీ మళ్లీ గీశాడు. చివరి సంవత్సరాల బొమ్మ ఒకటి తీసుకుని దగ్గరగా చూడండి. కొండకు గీత లేదు, లేదా ఉన్నచోట తెగిపోతూ ఉంటుంది. చిన్న చిన్న చతురస్రాల్లాంటి రంగు మరకలు ఒకదాని పక్కన ఒకటి. పచ్చ పక్కన కాషాయం, దాని పక్కన నీలం. వెచ్చని రంగు ముందుకొస్తుంది, చల్లని రంగు వెనక్కి జరుగుతుంది. దూరమూ దగ్గరా, ఎత్తూ పల్లమూ అన్నీ ఈ జరుగుబాటుతోనే ఏర్పడతాయి. పొగమంచు పూసో, దూరపు వస్తువును చిన్నది చేసో కాదు. ఇందులో ఒక మరకను చెరిపేస్తే కొండ కూలినట్టే ఉంటుంది. ఆకాశానికీ రాతికీ ఒకే బరువు, ఒకే రకం దెబ్బ.

బొంబాయిలో రజా చేస్తున్నది దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ రంగు వెలుతురును పట్టుకునేది, బొమ్మను మోసేది కాదు. సెజాన్ దగ్గర రజాకు దొరికిన పాఠం ఇదే: రంగే రాయి, రంగే దూలం. ఇది ఒక్కసారి ఒంటబట్టాక చెట్టూ ఇల్లూ ఎప్పటికైనా తప్పుకోవచ్చు. బొమ్మ మాత్రం నిలబడుతుంది. నైరూప్యం (వస్తువుల రూపం లేని బొమ్మ) వైపు తలుపు తెరుచుకున్నది ఇక్కడేనని నేననుకుంటాను, బిందువు దగ్గర కాదు.

పారిస్‌లో మొదటి రెండు మూడేళ్లలో గీసిన బొమ్మలు చూస్తే ఆయన ఈ పాఠాన్ని ఎంత శ్రద్ధగా, కాస్త బిగుసుకుపోయి నేర్చుకున్నారో తెలుస్తుంది. 1951 నాటి ‘ఓ ద కాన్య’ లాంటి వాటిలో ఇళ్లన్నీ కోసి అతికించినట్టు కోణాలుగా, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. వీధిలో మనిషి ఉండడు. ఆ కాలపు కొన్ని బొమ్మల్లో ఇళ్ల పైన ఆకాశంలో ఒక నల్లటి సూర్యుడు. అవును, నల్లటి సూర్యుడే. బిందువుకు పాతికేళ్ల ముందే ఆ వృత్తం ఫ్రెంచి పల్లె మీద వేలాడుతోంది. అప్పుడు దానికి తాత్త్విక అర్థాలేవీ లేవు. బొమ్మ పైభాగంలో బరువు కావలసివచ్చింది, వృత్తం ఆ బరువిచ్చింది. చిన్నప్పటి చుక్క ఆయన చేతిలో అప్పటికే ఉందని చెప్పేవాళ్లకు ఇది మంచి సాక్ష్యం. అది కట్టుబడి అవసరం కోసమే పైకి వచ్చిందని చెప్పే నాలాంటివాళ్లకూ ఇదే సాక్ష్యం.

1950ల మధ్యకు వచ్చేసరికి నీటిరంగులు పోయి తైలవర్ణాలు వచ్చాయి. కుంచె బదులు పాలెట్ నైఫ్ అనే చదును కత్తితో రంగు ముద్దలుగా, మందంగా పరిచే పద్ధతి ఆనాటి పారిస్‌లో జోరుగా ఉంది. రజా దాన్ని అందిపుచ్చుకున్నారు. ఇళ్ల అంచులు కరిగిపోయాయి. పేర్లలో ఇంకా పల్లె, చర్చి ఉంటాయి కానీ కాన్వాస్ మీద ఎర్రటి, నీలపు మంటలే. 1956లో పారిస్ విమర్శకులిచ్చే ‘ప్రీ ద లా క్రిటీక్’ బహుమతి వచ్చింది. ఫ్రెంచివాళ్లు కాని చిత్రకారుల్లో దాన్ని మొదట అందుకున్నది ఆయనే. 1959లో చిత్రకారిణి జనీన్ మోంజిలాను పెళ్లాడారు. ఫ్రాన్స్ ఇల్లయింది.

ఒకే ఊరు అందరికీ ఒకే పాఠం చెప్పదని చూపడానికి చిత్రకారుడు రామ్ కుమార్‌ను పక్కన పెట్టి చూడొచ్చు. ఆయనా ఆ రోజుల్లోనే పారిస్‌లో ఆంద్రే లోత్, ఫెర్నాఁ లేజే దగ్గర నేర్చుకున్నారు. ఆ తర్వాత కాశీ వెళ్లి గంగ ఒడ్డు ఇళ్లను గీస్తూ గీస్తూ నైరూప్యంలోకి నడిచారు. ఆయన కాశీ బూడిద రంగు, మట్టి రంగు, మౌనం. రజా పల్లెలు నిప్పు. ఇద్దరికీ పారిస్ ఇచ్చింది నిర్మాణం. రంగు మాత్రం ఎవరి నేల వాళ్లకిచ్చింది.

ఇక అమెరికా. 1962లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు బర్క్‌లీలో పాఠాలు చెప్పడానికి పిలిచారు. అక్కడ మార్క్ రోత్కో, శామ్ ఫ్రాన్సిస్, హాన్స్ హాఫ్‌మన్‌ల పనితో పరిచయమైంది. రోత్కో సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఆయన పెద్ద కాన్వాసుల మీద రెండు మూడు రంగుల పట్టీలే ఉంటాయి. అంచులు స్పష్టంగా ఉండవు, ఒక రంగు ఇంకో రంగులోకి ఊపిరి వదులుతున్నట్టుంటుంది. కథ లేదు, వస్తువు లేదు. దగ్గరగా నిలబడితే రంగు మనల్ని చుట్టుముడుతుంది. పారిస్‌లో రజాకు దొరికింది బొమ్మను కట్టడం. రోత్కో దగ్గర దొరికింది కట్టిన దానిలోకి చూసేవాణ్ణి దింపడం.

విశేషమేమిటంటే, న్యూయార్క్ చిత్రకారుడి బొమ్మలు రజాకు గుర్తుచేసింది జపమాలను. ఒకే నామాన్ని తిప్పి తిప్పి అనుకుంటూ పోతే మనసు ఇంకో స్థాయికి చేరే ఆ పద్ధతి రోత్కో రంగుల్లో తనకు కనిపించిందని ఆయన చెప్పుకున్నారు. భారతీయ మూలాలకు తిరిగొచ్చారు అనే కథ ఇక్కడే వీగిపోతుంది. ఆయనను వెనక్కి తిప్పినవాడు రోత్కో. చిన్నప్పుడు విన్న జపానికి చిత్రకళలో చోటుందని చూపించింది అమెరికన్ నైరూప్య చిత్రకళ. ప్రభావం అంటే బయటిది లోపలికి రావడమే అనుకుంటాం. లోపల పడి ఉన్నదాన్ని బయటివాడు తట్టి లేపడమూ ప్రభావమే.

ఆ తర్వాత పనిముట్లు కూడా మారాయి. నిదానంగా ఆరే తైలవర్ణం స్థానంలో త్వరగా ఆరే ఆక్రిలిక్ వచ్చింది. మందపు ముద్దలు తగ్గాయి. రంగు మీద రంగు పలచగా, వేగంగా వేసుకుంటూ పోవడం, కిందిది పైకి కొద్దిగా తొంగిచూసేలా వదిలేయడం కుదిరింది. 1970లలో గీసిన ‘తపోవన్’, ‘లా తేర్’ (ఫ్రెంచిలో నేల) అన్న పేరుతో గీసిన బొమ్మలు ఈ పద్ధతిలో పుట్టినవే. ‘లా తేర్’ బొమ్మలు చూడండి. దిగంతపు గీత ఉండదు, ఆకాశం ఎక్కడో తెలియదు. నల్లటి మందం మధ్యలోంచి ఎరుపు పగిలి బయటికొస్తున్నట్టుంటుంది, కుంచె దెబ్బలు చిత్తడి నేల మీద అడుగుల్లా పడి ఉంటాయి. మండ్లా రాత్రి, గోండుల మంట, సంత రోజు ఎండ అన్నీ ఇందులో ఉన్నాయి, ఒక్క వస్తువు కూడా లేకుండా. బాల్యం మొట్టమొదటిసారి పూర్తిగా కాన్వాస్ మీదకి దిగిన చోటు ఇదే. అప్పటికి ఆయన వయసు యాభై.

ఈ పొంగుకు మళ్లీ గట్టు కావాలి. అది రాజ్‌పుత్ చిత్రాల నుంచి, అంటే పాత రాజాస్థానాల చిన్న బొమ్మల నుంచి వచ్చింది. ఇండియా వచ్చినప్పుడల్లా ఆయన రాజస్థాన్, గుజరాత్‌లలో తిరిగారు, పాత చిత్రాలను పట్టి చూశారు. మేవాడ్, మాళ్వా చిత్రాలు చూసినవాళ్లకు తెలుసు: బొమ్మ చుట్టూ దట్టమైన అంచు, లోపల గదులు గదులుగా విభజన, ఒక్కో గదికి ఒక్కో చదును రంగు, పైన సన్నటి పట్టీగా ఆకాశం. దూరం చూపించాలన్న తాపత్రయం లేదు. ఎరుపు గది పక్కన నలుపు గది పెడితే చాలు, లోపల విరహమో వాన రాత్రో తెలిసిపోతుంది. సెజాన్ రంగు మరకల దగ్గర శిక్షణ పొందిన కన్ను వీటిని కథల బొమ్మలుగా చూడదు, రంగుల కట్టుబడిగా చూస్తుంది. రజా చూసింది అలాగే. రాధనూ నాయికనూ వదిలేసి, అంచునూ గదులనూ తీసుకున్నారు.

1983 నాటి ‘సౌరాష్ట్ర’ దగ్గర ఈ దారులన్నీ కలుస్తాయి. రెండు మీటర్ల చదరపు కాన్వాస్, ఆక్రిలిక్. నాలుగు పక్కలా అంచు, లోపల గళ్లుగా విభజన. ఇది రాజ్‌పుత్. గళ్లు ఒకదాన్నొకటి మోసే తీరు సెజాన్. గళ్ల లోపల కాషాయం, ఎరుపు, మట్టి రంగు కుదురుగా ఉండవు, అక్కడక్కడా కుంచె అంచు దాటి పొర్లుతుంది. అది 1970ల నేల బొమ్మల చెయ్యి. వీటన్నిటినీ తనవైపు లాగుతూ నల్లటి బిందువు. 2010లో లండన్ క్రిస్టీస్ వేలంలో ఇది దాదాపు 16.4 కోట్ల రూపాయలకు అమ్ముడై, ఆధునిక భారతీయ చిత్రానికి అప్పటికి రికార్డు అయింది. వార్తలన్నీ ధర గురించే మాట్లాడాయి. ఇప్పుడది ఢిల్లీ కిరణ్ నాడార్ మ్యూజియం సేకరణలో ఉంది. వీలైనవాళ్లు వెళ్లి బిందువును కాసేపు పక్కన పెట్టి, గళ్ల అంచుల వెంట చూపు నడిపించి చూడండి.

దీనికి రెండేళ్ల ముందు గీసిన ‘మా’ ఇంకో సంగతి చెబుతుంది. అందులో బిందువు, రంగుల పట్టీలతోపాటు దేవనాగరి లిపిలో హిందీ కవి అశోక్ వాజ్‌పేయి పాదం ఒకటి ఉంది: అమ్మా, తిరిగొచ్చేటప్పుడు ఏం తెస్తాను? పాత చిత్రాల మీద పద్యం రాసే ఆచారం ఎలాగూ ఉంది. రజా దాన్ని నైరూప్య చిత్రంలోకి తెచ్చారు. మూడు దశాబ్దాలు విదేశంలో గడిపిన మనిషి, దేశ విభజన తర్వాత అన్నదమ్ములు పాకిస్తాన్ వెళ్లిపోయినా తాను భారత పౌరుడిగానే ఉండిపోయిన మనిషి, ఆ పాదం ఎందుకు ఎంచుకున్నారో వివరించనక్కర్లేదు.

మన దగ్గర బిందువు అనగానే శ్రీచక్రం గుర్తొస్తుంది. ఆ లెక్కన రజాను తాంత్రిక చిత్రకారుల వరసలో కూర్చోబెట్టేవాళ్లూ ఉన్నారు. తెలుగువాళ్లకు ఈ వరస బాగా తెలిసిందే, ఎందుకంటే కరీంనగర్ జిల్లాలో పుట్టిన పి.టి. రెడ్డి కూడా అందులో ముఖ్యుడు. ఆయనా జె.జె. స్కూల్లోనే చదివారు, రజా కన్నా కొంచెం ముందు. ఇద్దరినీ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. రెడ్డి దగ్గర తాంత్రిక ప్రతీకలు ప్రతీకలుగానే వస్తాయి, వాటి అర్థం తెలిసినవాడికి బొమ్మ ఎక్కువ తెరుచుకుంటుంది. రజా దగ్గర బిందువు అర్థం తెలియనివాడికి కూడా పనిచేస్తుంది. అడవి చీకటిలో భయపడ్డ ప్రతి పిల్లాడికీ తెలిసిన నలుపు అది. పురుషుడు, ప్రకృతి, పంచభూతాలు అన్న పేర్లు ఆయన తర్వాత జోడించుకున్నారు. ఆ పేర్ల మీద ఆయనకున్న నమ్మకాన్ని నేను శంకించను. కానీ బొమ్మకు బలం ఆ పేర్ల నుంచి రాలేదు, నలభై ఏళ్లు నేలను గీసిన చేతి నుంచి వచ్చింది.

దీనికి రుజువు చివరి దశలోనే ఉంది. 1990ల తర్వాతి బొమ్మల్లో వృత్తాలు, త్రికోణాలు, నాగులు కొలబద్ద పెట్టి గీసినంత నున్నగా తయారయ్యాయి. ఒకే రూపం చాలాసార్లు తిరిగొచ్చింది. రజా దాన్ని జపం అనేవారు. వాటిలో కొన్ని నిజంగానే గొప్పవి. ఎక్కువ వాటిలో మాత్రం నాకు లోటు కనిపిస్తుంది, అదేమిటో కూడా ఇప్పుడు చెప్పొచ్చు: రాజ్‌పుత్ గళ్లున్నాయి, సెజాన్ కట్టుబడి ఉంది, అంచు దాటి పొర్లే రంగు లేదు. నలుపులో భయం లేదు. రజాను కొత్తగా చూడబోయేవాళ్లు ఎవరైనా ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే బిందువుతో వద్దంటాను. 1972, 1983 మధ్య గీసిన నేలలతో మొదలుపెట్టమంటాను.